లావు అక్షరాలతో దుకాణం బోర్డు రాయడం ఎలా?

రేకు, ప్రైమర్, రెండు రంగుల ఎనామిల్ పెయింట్, టర్పెంటైన్, ఒక ఫ్లాట్ బ్రష్, ఒక సన్న బ్రష్, చాక్‌పీసు, దారం. సామాను ఇంతే. రేకు తుడిచి, ప్రైమర్ కొట్టి, పైన రంగు వేసి పూర్తిగా ఆరనివ్వండి.

మన బోర్డు పర్లాకిమిడిలో అనుకోండి. ఆంధ్ర సరిహద్దున ఉన్న ఈ ఊరు 1936లో ఒడిశాలో కలిసింది, ఇక్కడ ఒడియా, తెలుగు రెండూ నడుస్తాయి. ఈ ఊళ్లో ఒక్క లిపితో రాస్తే సగం గిరాకీకి బోర్డు అర్థం కాదు. ఒడియా పైన, తెలుగు కింద రాయాలి. రెండూ పక్కపక్కన ఇరికించకండి.

ఇప్పుడు దారంతో గీతలు కొట్టాలి. అందరూ బోర్డు పాడుచేసేది ఇక్కడే. ఇంగ్లీషుకి కొట్టినట్టు రెండు గీతలు కొట్టేసి, వత్తులు వచ్చేసరికి చోటు లేక వాటిని చీమల్లా చేస్తారు. తెలుగుకు అడుగు ఎత్తు దొరికితే తలకట్లు, గుడులకు రెండున్నర అంగుళాలు, అక్షరం ఒంటికి ఆరు, వత్తులకు మూడున్నర వదలండి.

‘శ్రీ లక్ష్మీ వస్త్రాలయం’ అనుకుందాం. ముందు స్త్రా గీయండి, తర్వాత క్ష్మీ. బోర్డులో అన్నిటికన్నా ఇరుకైన అక్షరమే మిగతా వాటి లావు తేలుస్తుంది. స కింద త వత్తు పట్టాలి, దాన్ని చుట్టుకుంటూ క్రావడి రావాలి. అక్షరం ఒంటి గీత ముప్పావు అంగుళం మందం ఉంటే వత్తు గీత అర అంగుళం దాటకూడదు. రెండూ ఒకే మందంలో రాస్తే లోపలి ఖాళీలు పూడిపోయి రంగు ముద్ద మిగులుతుంది. థ లో చుక్క కూడా అంతే. అది పూడితే ‘రథం’ కాస్తా ‘రధం’ అవుతుంది. చాక్‌పీసుతో గీశాక రోడ్డు దాటి, కళ్లు సగం మూసి చూడండి. ఏ ఖాళీ కనబడకపోయినా చెరిపి మళ్లీ గీయాల్సిందే. పెయింట్ పడ్డాక సర్దుదామంటే కుదరదు.

ఒడియా అక్షరాలకు బరువంతా పైనున్న గుండ్రటి తలలోనే ఉంటుంది, తేడా చూపించే గీత కింద చిన్నగా ఉంటుంది. అందుకని ఆ వరుస గీత కొంచెం సన్నగానే ఉండాలి.

ఫ్లెక్స్ కొట్టిస్తే పోలా అంటారు. కొట్టించండి, కానీ చోటు నిండాలని ఫాంట్‌ని అడ్డంగా సాగదీస్తారు చూడండి, అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నిలువు గీతలు లావెక్కుతాయి, అడ్డగీతలు అలాగే ఉంటాయి, సున్నా కోడిగుడ్డవుతుంది. కంప్యూటర్లోనే చేయాలంటే ముంబైలో ఫాంట్లు చేసే ఏక్ టైప్ వాళ్ల ‘బాలూ తమ్ముడు’ ఫాంట్ తీసుకోండి, ఒడియాకు దాని జోడీ ‘బాలూ భాయినా’ ఉంది. తెలుగు ఒక్కటే అయితే ‘రామభద్ర’ ఫాంట్ చాలు. ఇవి పోస్టరు తలకి, ప్యాకెట్ మీద పేరుకి పనికొస్తాయి. పెళ్లి కార్డులో ముహూర్తం, వేదిక కూడా ఇందులోనే కొట్టిస్తే ఎవరూ చదవరు.

ఇక సన్న బ్రష్‌తో అంచు తీసి, ఫ్లాట్ బ్రష్‌తో నింపడమే. ఆరాక అక్షరానికి నీడలా వేసే షేడ్ కుడివైపు కిందికి మాత్రమే. వత్తులకు షేడ్ వద్దు. ఫోన్ నంబరుకు అసలే వద్దు.