డ్రై ఫ్లైలకు గాలాలు: తక్కువ ఖర్చులో మంచివి ఎంచుకోవడం ఎలా

డ్రై ఫ్లై అంటే గాలం మీద దారం, ఈకలు చుట్టి, నీటి మీద తేలేలా కట్టే పురుగు లాంటి ఎర. దానికి గాలాలు కొంటూ ధర చూసేటప్పుడు ప్యాకెట్‌ను కాదు, పనికొచ్చే ఒక్కో గాలాన్ని లెక్కగట్టాలి. 100 గాలాల్లో 20 వైస్‌లోనే (ఫ్లై కట్టేటప్పుడు గాలాన్ని బిగించి పట్టే పరికరం) విరిగితే మీరు కొన్నది 80 మాత్రమే. పైగా విరిగిన గాలంతో పాటు దాని మీద చుట్టిన దారం, హ్యాకిల్ (ఫ్లై తేలడానికి చుట్టే) ఈక, పెట్టిన సమయం కూడా పోతాయి.

డ్రై ఫ్లై నీటి మీద తేలాలి కాబట్టి ముందు చూడాల్సింది తీగ మందం. ప్యాకెట్ మీద '1ఎక్స్ ఫైన్' అని ఉంటే తీగ ఆ సైజుకు మామూలుగా వాడేదాని కంటే ఒక మెట్టు సన్నమని అర్థం. '2ఎక్స్ ఫైన్' ఇంకా తేలిక, కానీ పెద్ద ట్రౌట్ చేప గట్టిగా లాగితే వంపు తెరుచుకునే ప్రమాదం ఉంది. 'హెవీ' అని ఉన్నవి నీళ్ళలో మునిగే ఫ్లైలైన నింఫ్‌లకు, వెట్ ఫ్లైలకు. ఎంత చవకగా దొరికినా వదిలేయండి. మొదటిసారి కొనేవాళ్ళకు 1ఎక్స్ ఫైన్ తీగ, మామూలు పొడవు షాంక్ (గాలంలో తిన్నగా ఉండే భాగం), కిందికి వంగిన కన్ను (దారం కట్టే రంధ్రం) ఉన్న గాలం ఒక్కటే చాలు. టీఎంసీ 100, డయిచి 1180, మస్టాడ్ 94840 ఈ కోవలో బాగా తెలిసిన మోడళ్ళు. పేరు తెలియని కంపెనీ గాలం కొంటుంటే వాటిలో ఒకదాన్ని పక్కన పెట్టి పోల్చండి. సైజు అంకెను నమ్మొద్దు: ఒకరి 14 మరొకరి 12 అంత ఉండొచ్చు.

అంకె పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. ఆడమ్స్, ఎల్క్ హెయిర్ క్యాడిస్ లాంటి డ్రై ఫ్లైలు కట్టడానికి 14, 16 సైజులతో చాలా దూరం వెళ్ళొచ్చు. తర్వాత 12, 18 చేర్చుకోండి. రకరకాల సైజులు కలిపిన డబ్బాలు చూడ్డానికి బేరంలా ఉంటాయి గానీ, సగం గాలాలు ఎప్పటికీ డబ్బాలోనే ఉండిపోతాయి.

ముందు 25 గాలాల ప్యాకెట్ ఒక్కటే తీసుకుని, అందులోంచి ఐదింటిని పరీక్షించండి. మొదట భూతద్దంతో కన్ను చూడండి. తీగ కొస షాంక్‌కు ఆనకుండా సందు ఉంటే దారం అందులో ఇరుక్కుంటుంది, చేప లాగినప్పుడు టిప్పెట్ (ఫ్లైకి కట్టే సన్నని చివరి దారం) అక్కడే తెగుతుంది. తర్వాత మొనను బొటనవేలి గోరు మీద మెల్లగా జరపండి. పట్టుకోవాలి, జారితే మొద్దుగా ఉన్నట్టే.

అసలు గుణం బయటపడేది తీగ గట్టితనంలో. గాలాన్ని వంపు దగ్గర వైస్‌లో బిగించండి. మొనను గానీ బార్బ్‌ను (మొన వెనక ఉండే చిన్న ముల్లు) గానీ వైస్ దవడల్లో నొక్కితే మంచి గాలం కూడా విరగొచ్చు, అప్పుడు తప్పు గాలానిది కాదు. కన్ను దగ్గర వేలితో కొద్దిగా కిందికి నొక్కి వదలండి. మళ్ళీ యథాస్థానానికి వస్తే మంచిది. వంగి అలాగే ఉండిపోతే మెత్తన, చేప దాన్ని సాగదీస్తుంది. పుటుక్కున విరిగితే పెళుసు. రెండూ పనికిరావు, కానీ పెళుసుది నయం: వైస్‌లోనే దొరికిపోతుంది. మెత్తనిది చేప పడ్డాక గానీ తెలియదు.

బార్బ్ అక్కర్లేకపోతే దాన్ని ఫ్లై కట్టకముందే నొక్కేయండి. పళ్ళు లేని నున్నని శ్రావణాన్ని మొన ఉన్న దిశలోనే పెట్టి నొక్కాలి. అడ్డంగా పట్టుకుంటే మొన విరుగుతుంది. కట్టాక విరిగితే ఫ్లై మొత్తం దండగ. బార్బ్ లేని రకం అదే ధరకు దొరికితే ఈ పనే ఉండదు.

ఐదూ నిలబడితే అదే రకం, అదే సైజు 100 గాలాల ప్యాకెట్ కొనండి. సాధారణంగా ఒక్కో గాలం ధర అక్కడే తగ్గుతుంది. రవాణా ఖర్చు విడిగా పడితే దారం, ఈకలతో కలిపి ఒకేసారి తెప్పించుకోండి. అరుదుగా కట్టే సైజుకు మాత్రం 25 చాలు.

పొదుపు చేయాలంటే 12, 14 సైజుల్లో చేయండి. హ్యాకిల్ దట్టంగా చుట్టిన ఫ్లైని తీగ కాస్త మందమైనా ఈకలు తేలుస్తాయి. 20, 22ల్లో ఆ వెసులుబాటు లేదు. షాంక్‌కూ మొనకూ మధ్య జాగా చాలా తక్కువ, దారం నాలుగు చుట్లు ఎక్కువైనా అది మూసుకుపోయి చేపకు గుచ్చుకోదు. ఆ చిన్న సైజులకు మంచి కంపెనీవే కొనండి.

కంచు రంగు పూత ఉన్నవి తేమకు తుప్పు పడతాయి. వాటిని అసలు ప్యాకెట్లోనే, సిలికా జెల్ సంచితో ఉంచండి. ప్యాకెట్ లేబుల్ చింపేయకండి, మళ్ళీ అదే కొనాలంటే మోడల్ నంబర్ కావాలి.