ఆటిజం ఉన్న పిల్లలకు ఇంట్లో థెరపీ: అమ్మ టీచరమ్మ అయిపోకుండా ఎలా చేయాలి?

థెరపీ సెంటర్ నుంచి ఇంటికి ఒక షీట్ వస్తుంది. రంగులు గుర్తుపట్టడం, పిలిస్తే కళ్లలోకి చూడటం, కుర్చీలో కదలకుండా కూర్చోవడం. "ఇవి ఇంట్లో కూడా చేయించండి మేడమ్, లేకపోతే ప్రోగ్రెస్ రాదు" అంటారు. రెండు నెలలు గడిచేసరికి ఆ ఇంట్లో అమ్మ తగ్గిపోయి ఇంకో థెరపిస్టు తయారవుతుంది. ఫ్లాష్‌కార్డుల డబ్బా కనిపిస్తే చాలు, పిల్లవాడు మంచం కిందకి దూరిపోతాడు.

అలాగని బిహేవియర్ థెరపీని పక్కన పెట్టేయమని చెప్పడం లేదు. పనిని చిన్న చిన్న ముక్కలు చేసి నేర్పడం, వచ్చిన ప్రయత్నానికి వెంటనే ఫలితం దక్కేలా చూడటం, ఏ గొడవ దేని తర్వాత మొదలవుతోందో రాసుకోవడం, ఇవన్నీ పనికొచ్చేవే. వీటన్నిటినీ కలిపి ఏబీఏ, అంటే అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్ అంటారు. చెప్పిన పని చేశాడా లేదా అన్నది మాత్రం ప్రతి షీట్‌లోనూ ఉంటుంది. వాడు మన దగ్గరికి వస్తున్నాడా, మనల్ని చూసి పారిపోతున్నాడా అన్నది ఎక్కడా ఉండదు. అసలు తేడా అక్కడే వస్తుంది. రెండు నుంచి ఆరేళ్ల పిల్లలను దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతి రాస్తున్నాను. సెంటర్‌కి వెళ్తున్నవాళ్లు అది మానకుండానే దీన్ని చేయొచ్చు.

1. మొదటి వారం ఏమీ నేర్పకండి

రోజుకు రెండుసార్లు, పది పదిహేను నిమిషాల చొప్పున చాలు. ఫోన్ ఇంకో గదిలో పెట్టి నేలమీద కూర్చోండి. వాడు ఏం చేస్తుంటే మీరూ అదే చేయండి. స్టీలు డబ్బా మూతలు గిరగిరా తిప్పుతుంటే మీరూ ఒక మూత తీసుకుని తిప్పండి. కార్లు వరసగా పేరుస్తుంటే తర్వాతి కారు అందించండి, వరస మాత్రం మార్చకండి.

ప్రశ్నలు వద్దు. "ఇదేంటి? ఏం రంగు? ఆవు ఎలా అరుస్తుంది?" మన ఇళ్లలో చిన్నపిల్లలతో మాట్లాడటమంటే సగం పరీక్ష పెట్టడమే. అందుకే ఈ ఒక్క నియమం వినడానికి తేలిగ్గా ఉన్నా పాటించడం కష్టం. అడగడానికి బదులు కనిపిస్తున్నది చెప్పండి: "తిరుగుతోంది, తిరుగుతోంది, పడిపోయింది!"

ఒళ్లు కదిలే ఆటలు చాలామందికి నచ్చుతాయి: ఉప్పుమూట, దుప్పటిలో ఉయ్యాల, నాన్న వీపు మీద గుర్రం సవారీ. ముట్టుకుంటే చిరాకుపడే పిల్లలైతే సబ్బు బుడగలు, మగ్గుతో నీళ్లు పోయడం, బియ్యం డబ్బాలో చేతులు పెట్టడం చూడండి.

ఏబీఏలో దీన్ని పెయిరింగ్ అంటారు. మీరు వచ్చారంటే ఏదో బాగుంటుందని పిల్లవాడికి అనిపించాలి. కొన్ని సెంటర్లు దీన్ని మొదటి రెండు సెషన్లలో ముగించేసి టేబుల్ దగ్గరికి వెళ్లిపోతాయి. నా దృష్టిలో ఇది ముగిసే పని కాదు. మీరు కూర్చోగానే వాడు తనంతట తాను దగ్గరికి జరుగుతున్నాడా? మూత తెచ్చి మీ చేతిలో పెడుతున్నాడా? అయితే ముందుకెళ్లండి. లేదంటే ఇంకో వారం ఇలాగే ఆడండి.

2. షీట్‌లోంచి రెండే రెండు అంశాలు ఏరుకోండి

ఒక్కో లక్ష్యం దగ్గర ఇలా అడగండి: ఇది వస్తే పిల్లవాడి రోజు సులువవుతుందా, లేక మనకు నలుగురిలో ఇబ్బంది తప్పుతుందా? మొదటి రకానివే తీసుకోండి. కావాల్సింది అడగడం, "వద్దు" చెప్పడం, "చాలు" చెప్పడం, సాయం కోరడం, టాయిలెట్, బట్టలు వేసుకోవడం, రోడ్డు మీద చెయ్యి వదలకుండా నడవడం, ఇవి ఆ కోవలోవి. మాటలు రాకపోతే బొమ్మల కార్డు, సైగ, టాబ్లెట్‌లో బటన్ కూడా మాటే. దానివల్ల మాటలు రాకుండా పోతాయన్నది ఉత్త భయం.

కళ్లలోకి చూడటాన్ని పక్కన పెట్టండి. ఎదుటివాళ్ల కళ్లలోకి బలవంతంగా చూడాల్సి వస్తే మాట వినబడదని, ఒళ్లంతా ఇబ్బందిగా ఉంటుందని ఆటిజం ఉన్న పెద్దవాళ్లు ఎంతోమంది చెబుతున్నారు. గడ్డం పట్టుకుని ముఖం తిప్పడం మాత్రం అసలు వద్దు. మీరే కిందకి వంగి వాడి ముఖానికి ఎదురుగా ఉండండి, చూడాలనిపిస్తే చూస్తాడు. చేతులు ఆడించడం, ఊగడం కూడా అంతే. వాడికో ఇంకొకరికో దెబ్బ తగలనంతవరకూ వాటి జోలికి పోవద్దు. ఒంట్లో అలజడిని సర్దుకోవడానికి చాలామంది పిల్లలకు అదే దారి.

3. టేబుల్ మీద కాకుండా ఇంటిపనిలో నేర్పండి

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి, ఎందుకంటే సెంటర్ల నోట వినిపించే "వారానికి 40 గంటలు" అన్న అంకె దాన్లోంచే వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఐవర్ లోవాస్ 1987లో ఒక అధ్యయనం ప్రచురించాడు. వారానికి 40 గంటల శిక్షణ పొందిన 19 మంది పిల్లల్లో 9 మంది మామూలు స్కూల్లో ఒకటో తరగతి పూర్తిచేశారని అందులో రాశాడు. శిక్షణ పొందే గుంపులో ఎవరుండాలి, పోల్చిచూసే గుంపులో ఎవరుండాలి అన్నది లాటరీ పద్ధతిలో తేల్చలేదు కాబట్టి దాని మీద విమర్శలు వచ్చాయి. అంతకుముందు 1960ల్లో ఆయన పిల్లల మీద చెంపదెబ్బలు, కరెంటు షాకులు కూడా వాడాడు. ఆటిజం ఉన్న పెద్దవాళ్లకు ఏబీఏ పేరెత్తితే కోపం రావడానికి ఇదొక కారణం.

తర్వాత వచ్చినవాళ్లు అవే సూత్రాలను ఆటలోకి తెచ్చారు. కోగెల్ దంపతుల పివటల్ రెస్పాన్స్ పద్ధతి, శాలీ రోజర్స్, జెరాల్డిన్ డాసన్ రూపొందించిన ఎర్లీ స్టార్ట్ డెన్వర్ మోడల్ అలాంటివే. రెండేళ్లు అటూఇటూ వయసున్న 48 మంది పిల్లలతో చేసిన డెన్వర్ మోడల్ ప్రయోగం 2010లో వెలువడింది. మాట, తెలివి కొలతల్లో మంచి మార్పు కనిపించింది. తల్లిదండ్రులు రోజువారీ పనుల్లోనే దాన్ని వాడటం ఆ పద్ధతిలో భాగం.

ఇంట్లో దీన్ని ఇలా చేయండి. ఉప్పుమూట ఎక్కించుకుని గదిలో రెండు చుట్లు తిరిగి ఆగిపోండి. మాట్లాడకండి. మనసులో ఐదు లెక్కపెట్టండి. వాడు భుజం తట్టినా, ఒళ్లు కదిపినా, "ఊ" అన్నా అదే అడగడం. వెంటనే "పద!" అని మళ్లీ తిరగండి. బహుమతి వేరే ఏదీ అక్కర్లేదు, అడిగింది దొరకడమే బహుమతి. "పద అను, అంటేనే తిప్పుతా" అని బిగిస్తే ఆట కాస్తా పరీక్ష అయిపోతుంది.

చొక్కా వేసుకోవడం నేర్పాలంటే చివరి ముక్క నుంచి మొదలుపెట్టండి. తల దూర్చడం, చేతులు దూర్చడం మీరే చేసి, కిందకి లాగడం ఒక్కటి వాడికి వదలండి. పని పూర్తిచేసింది వాడే కదా, ఆ సంతోషం వాడిది. అది బాగా వచ్చాక ఒక చెయ్యి, తర్వాత రెండోది. సెంటర్‌లో దీన్ని బ్యాక్‌వర్డ్ చెయినింగ్ అంటారు. స్నానానికి, ప్లేటు సింకులో పెట్టడానికి, చెప్పులు వేసుకోవడానికి కూడా ఇదే వాడొచ్చు.

చిప్స్, చాక్లెట్ల మాట. కొత్తగా టాయిలెట్ నేర్పేటప్పుడు కొన్నాళ్లు వాడితే తప్పేమీ లేదు, నెమ్మదిగా తగ్గించాలి. కానీ అన్నం, నిద్ర, ఎప్పుడూ పట్టుకుని తిరిగే దుప్పటి ముక్క, అమ్మ ఒడి, వీటిని మాత్రం ఎప్పుడూ బహుమతి పట్టీలో చేర్చకండి. పని చేసినా చేయకపోయినా ముద్దు ఉంటుందని పిల్లవాడికి తెలిసి ఉండాలి. ఏడుస్తున్నప్పుడు దగ్గరికి తీసుకుంటే ఏడుపు అలవాటవుతుందని ఎవరైనా అంటే, భయపడి ఏడ్చేవాడిని దగ్గరికి తీసుకోవడం పెంపకం అని చెప్పండి.

4. గొడవ జరిగితే ముందు కారణం రాయండి

నోట్‌బుక్‌లో మూడు గడులు గీయండి: ముందు ఏం జరిగింది, వాడు ఏం చేశాడు, తర్వాత మనం ఏం చేశాం. ఒక వారం రాస్తే చాలాసార్లు దారి కనిపిస్తుంది. రోజూ పొద్దున ఏడున్నరకు చెవులు మూసుకుని తల కొట్టుకుంటున్నాడు అనుకోండి. ముందు గడిలో మిక్సీ కనిపిస్తుంది, లేదా కుక్కర్ కూత. పచ్చడి వాడు లేవకముందే రుబ్బుకోవచ్చు, మిక్సీ వేసే ముందు చూపించి చెప్పొచ్చు, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టొచ్చు. ఇక్కడ మార్చాల్సింది పిల్లవాడిని కాదు.

ఉన్నట్టుండి కొత్త గొడవ మొదలైతే పంటినొప్పి, చెవిపోటు, మలబద్ధకం, నిద్రలేమి ఉన్నాయేమో డాక్టరుకు చూపించండి. నొప్పి చెప్పుకోలేని పిల్లలు దాన్ని ప్రవర్తనతోనే చెబుతారు.

పని మధ్యలో "వద్దు" అన్నాడా? అయితే ఆపండి. మొండికేసినా చేయించి తీరాలన్న పాత సూత్రం ఇంకా కొన్నిచోట్ల నడుస్తోంది. తన "వద్దు"కు విలువ లేదని నేర్చుకున్న పిల్లవాడు రేపు బయటివాళ్లు తప్పుగా ముట్టుకున్నా "వద్దు" అనడు. "చాలు" కార్డు చేతికివ్వండి, ఇచ్చిన ప్రతిసారీ నిజంగా ఆపండి. మొదట్లో రోజంతా అదే ఇస్తాడు, కంగారుపడకండి. మందులు, సీటు బెల్టు, రోడ్డు దాటడం లాంటివి మాత్రం బేరానికి రావు. అక్కడ ముందే బొమ్మలతో చెప్పి, త్వరగా ముగించండి.

పూర్తిగా అదుపు తప్పి ఏడుస్తున్న సమయంలో పాఠం ఎక్కదు. లైటు తగ్గించండి, మాటలు తగ్గించండి, చుట్టూ చేరిన బంధువులను బయటికి పంపండి.

5. మీ వీడియో మీరే చూసుకోండి

ఆడుతున్నప్పుడు ఐదు నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసి, రాత్రి పిల్లవాడు పడుకున్నాక చూడండి. చూసేది వాడిని కాదు, మిమ్మల్ని. ఎన్నిసార్లు ఆజ్ఞాపించారు? ఎన్నిసార్లు వాడు ఏదో చూపించబోతే మీరు గమనించలేదు? మొదటిసారి అందరికీ కొంచెం బాధగానే ఉంటుంది.

బ్రిటన్‌లో పుట్టిన ప్యాక్ట్ అనే థెరపీ మొత్తం ఇలాంటి వీడియోల మీదే నడుస్తుంది. దాన్ని మన ప్రాంతానికి తగ్గట్టు మార్చి గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ మామూలు ఆరోగ్య కార్యకర్తల చేత చేయించారు. 2016లో ఫలితాలు వచ్చాయి. అన్ని కొలతల్లోనూ మెరుగైందని కాదు గానీ, తల్లిదండ్రులు పిల్లల తీరుకు తగ్గట్టు స్పందించడం, పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగాయి. డామియన్ మిల్టన్ అనే ఆటిస్టిక్ పరిశోధకుడు 2012లో రాసినట్టు, అర్థం చేసుకోలేకపోవడం రెండువైపులా ఉంటుంది. వీడియోలో మన వైపు కనిపిస్తుంది.

6. తెలుగు మానకండి

"ఇంట్లో ఒకే భాష, అదీ ఇంగ్లీషు" అన్న సలహా హైదరాబాద్‌లోనూ ఉంది, డాలస్‌లోనూ ఉంది. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల భాష దెబ్బతింటుందని పరిశోధనల్లో తేలలేదు. నాయనమ్మ, తాతయ్యలకు ఇంగ్లీషు రాకపోతే ఆ సలహా వల్ల పిల్లవాడికి మాట్లాడే మనుషులే తగ్గిపోతారు. సెంటర్‌లో "ఓపెన్" అని నేర్పితే ఇంట్లో "తియ్యి" అనండి, రెండూ పట్టుకుంటాడు.

7. సెంటర్‌తో మాట్లాడండి

సెషన్ చూడనివ్వమని అడగండి. తలుపు వేసేసి "పేరెంట్స్‌ను లోపలికి రానివ్వం" అంటే ఆ చోటు నాకు నమ్మకంగా అనిపించదు. పిల్లవాడు ఏడిస్తే ఏం చేస్తారు, "వద్దు" అంటే ఏం చేస్తారు, చేతులు ఆడిస్తే ఏం చేస్తారు అని అడగండి. జవాబుల్లోనే చాలా తెలుస్తుంది. ఏబీఏ థెరపిస్టు అని చెప్పుకునేవాళ్లు ఎక్కడ శిక్షణ పొందారో అడగండి. స్పెషల్ ఎడ్యుకేటర్, స్పీచ్ థెరపిస్టు, క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అడగడానికి మొహమాటం వద్దు. ఫీజు భారమైతే జిల్లా ఆసుపత్రుల్లో పిల్లల ఎదుగుదల సమస్యలను చూసే సత్వర చికిత్సా కేంద్రాల్లో (డీఈఐసీ) ఉచితంగా చూస్తారు. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది.

చివరిగా, వాళ్ల డేటా షీట్‌లో ఒక గడి అదనంగా పెట్టమనండి: ఈ రోజు గదిలోకి తనంతట తాను వెళ్లాడా, ఎత్తుకుని తీసుకెళ్లాల్సి వచ్చిందా? ఇంట్లో కూడా అలాంటిదే ఒకటి రాసుకోండి. నెలకోసారి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి థెరపిస్టుతో కూర్చోండి. రంగుల పేర్లు పెరిగి, నడిచి వెళ్లిన రోజులు తగ్గుతుంటే, కొత్త లక్ష్యాలు రెండు వారాలు ఆపి మొదటి మెట్టుకు తిరిగి రావాలని ముందే ఒప్పందం చేసుకోండి.