అడుగు ఖాళీలో నీటి గొట్టం గడ్డకడితే: లక్షణం, కారణం, పరిష్కారం

కొన్ని ఇళ్ల కింద, మట్టికీ ఇంటి నేలకూ మధ్య, మనిషి పాకుతూ మాత్రమే వెళ్లగలిగే ఖాళీ ఉంటుంది. క్రాల్ స్పేస్ అంటారు. నేను అడుగు ఖాళీ అంటాను. నీటి గొట్టాలు చాలావరకు అందులోంచే పోతాయి. అక్కడ హీటర్ ఉండదు. గడ్డకట్టే చలి రాత్రుల్లో ఆ గొట్టాలను కాపాడేవి రెండే: పై గదుల నుంచి దిగే కాస్త వేడి, కింది మట్టి నుంచి వచ్చే కాస్త వేడి. ఆ రెండింటినీ ఊడ్చుకుపోయేది గాలి. అందుకే ఏ లక్షణం కనిపించినా నేను ముందు వేసుకునే ప్రశ్న ఒకటే: ఇక్కడికి వేడి ఎటు నుంచి రావాలి, ఎటు పోతోంది? గొట్టానికి వేసే ఫోమ్ తొడుగు ఎంత మందం ఉండాలన్నది ఆ తర్వాతి సంగతి.

తెల్లవారి కుళాయి విప్పితే నీళ్లు రావు, లేదా సన్నటి ధార వస్తుంది

ముందు మిగతా కుళాయిలు కూడా విప్పి చూడండి. ఇల్లంతా నీళ్లు ఆగితే అడ్డు ఇంట్లోకి వచ్చే ప్రధాన గొట్టంలో ఉండాలి, లేదా బయటి సరఫరాయే ఆగి ఉండాలి. పొరుగింటివారిని అడిగితే ఏదో తేలిపోతుంది. ఒక్క గదిలోనే ఆగితే ఆ గదికి చీలే గొట్టాన్ని అనుమానించాలి. చన్నీళ్లు వస్తూ వేణ్నీళ్లు మాత్రమే ఆగితే వాటర్ హీటర్‌కు వెళ్లే గొట్టంలోనో, హీటర్ దాటాకో ఎక్కడో గడ్డకట్టిందని అర్థం. వేణ్నీళ్ల గొట్టం గడ్డకట్టదనుకోవడం పొరపాటు. రాత్రి ఎవరూ వాడకపోతే అందులో నిలిచిన నీళ్లు కూడా చల్లారిపోతాయి.

టార్చి పట్టుకుని కిందికి దిగండి. బయటి గోడకు ఆనుకుని ఉన్న భాగం, వెంటిలేటరు ఎదురుగా ఉన్న భాగం, మలుపులు, ఇవి మొదట చూడాల్సిన చోట్లు. గొట్టం మీద తెల్లటి మంచు పొర కనిపించినా, చేత్తో తాకితే మిగతా భాగం కంటే బాగా చల్లగా ఉన్నా అడ్డు దొరికినట్టే.

కరిగించే ముందు రెండు పనులు చేయాలి. ఇంటి ప్రధాన వాల్వు ఎక్కడుందో చూసి, అది తిరుగుతుందో లేదో పరీక్షించండి. గొట్టం మీద పగులు గానీ ఉబ్బు గానీ కనిపిస్తే ఆ వాల్వును మూసేయండి. ఆ తర్వాత, నీళ్లు రాని కుళాయిని విప్పి ఉంచండి. కరిగిన నీటికి, ఆవిరికి బయటపడే దారి కావాలి.

కుళాయి వైపు నుంచి మొదలుపెట్టి గడ్డ వైపు జరుగుతూ వేడి ఇవ్వండి. హెయిర్ డ్రయ్యర్, వేడినీటిలో ముంచి పిండిన గుడ్డలు, కాపడానికి వాడే విద్యుత్ ప్యాడ్, ఏదైనా సరే, నిదానంగా. నేల తడిగా ఉంటే మాత్రం విద్యుత్ పరికరంతో దిగవద్దు. మంట జోలికి అసలు పోవద్దు: చుట్టూ ఎండిన కలప ఉంటుంది, పైగా రెండు మంచు గడ్డల మధ్య నీరు ఆవిరైతే గొట్టమే పేలుతుంది. బొగ్గుల కుంపటి, గ్యాస్ హీటరు లాంటివి అక్కడ పెట్టడం మరీ ప్రమాదం. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. అది నేల సందుల్లోంచి పడకగదిలోకి చేరుతుంది.

మంచు కరిగాక లీకు బయటపడింది

నీరు మంచుగా మారితే ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఆ మంచు ఉబ్బి, ఉన్నచోటనే గొట్టాన్ని చీలుస్తుందని చాలామంది అనుకుంటారు. ఎక్కువగా జరిగేది వేరు. మంచు గొట్టం పొడవునా పెరుగుతూ ముందున్న నీటిని మూసి ఉన్న కుళాయి వైపు తోస్తుంది. నీరు నొక్కితే కుంచించుకునే పదార్థం కాదు, బయటికి పోయే దారీ లేదు. ఒత్తిడి పెరిగి పెరిగి, మంచుకూ కుళాయికీ మధ్య ఏది బలహీనంగా ఉంటే అది తెగుతుంది. గడ్డకట్టిన చోట గొట్టం చెక్కుచెదరకుండా, కొన్ని అడుగుల అవతల, ఒక్కోసారి వెచ్చటి గది గోడలోపల పగులు దొరకడానికి కారణం ఇదే. సరఫరా వైపు నీరు మాత్రం సాధారణంగా వెనక్కి జరిగి తప్పించుకుంటుంది, మధ్యలో వెనక్కి పోనివ్వని వాల్వు లేకపోతే.

చలి రాత్రి కుళాయిని కాస్త విప్పి ఉంచమనడంలోని మర్మం కూడా ఇదే. పారే నీరు కొంత వేడి తెస్తుంది, నిజమే. అంతకంటే ముఖ్యం, గొట్టం గడ్డకట్టినా ఒత్తిడి ఆ సందులోంచి బయటపడుతుంది. బొట్టు బొట్టుగా పడినా ఆ మేలు ఉంటుంది. గడ్డకట్టడాన్నే ఆపాలంటే మాత్రం సన్నటి ధార కావాలి.

చీలిన ముక్కను కోసి కొత్తది వేయాల్సిందే. పైన చుట్టే టేపు ప్లంబర్ వచ్చేదాకా ఆగితే గొప్ప. చీలకుండా బయటపడ్డ రాగి గొట్టం కూడా కాస్త సాగి పలచబడి ఉండవచ్చు, కాబట్టి మొత్తం పొడవునా చూడండి. పెక్స్ ప్లాస్టిక్ గొట్టం సాగి మళ్లీ యథాస్థితికి వస్తుంది కనుక రాగి కంటే, గట్టి సీపీవీసీ కంటే మెరుగు. దాని అతుకులకు ఆ గుణం లేదు.

ప్రతిసారీ ఒకేచోట గడ్డకడుతోంది

అక్కడ గాలి కొడుతోంది. నూటికి తొంభై సార్లు నా అనుమానం ఇదే. గాలి గొట్టాన్ని బయటి ఉష్ణోగ్రత కంటే చల్లబరచలేదు గానీ, దాని చుట్టూ ఉన్న వెచ్చటి పొరను క్షణక్షణం తుడిచేస్తుంది. రాత్రంతా పట్టాల్సిన చల్లదనం కొద్ది గంటల్లోనే పట్టేస్తుంది.

నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టాలి కదా, మరి సున్నా రాత్రుల్లో ఎందుకు ఏమీ కాదు? గొట్టంలో కదలని నీరు సున్నా కంటే కొన్ని డిగ్రీలు దిగినా ద్రవంగానే ఉండగలదు. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ భవన పరిశోధకులు వేడి లేని చోట తొడుగు లేని గొట్టాలతో ప్రయోగాలు చేసి, బయట సుమారు మైనస్ 7 డిగ్రీలు ఉన్నప్పటి నుంచి జాగ్రత్తపడాలని తేల్చారు. గాలి నేరుగా తగిలే సందు ఉంటే ఆ లెక్క చెల్లదు, ముందే గడ్డకట్టవచ్చు.

సందును పట్టుకోవడానికి ఖర్చేమీ లేదు. పగటిపూట దిగి, లైటు ఆర్పి చూడండి. వెలుగు రేఖ కనిపించిన ప్రతిచోటా గాలి వస్తుంది. వెలుగు పడని వంకర సందులకు, గాలి వీచే రోజున అగరుబత్తి పొగను గోడ వెంట నడిపించండి. పొగ ఎక్కడ లోపలికి వంగితే అక్కడ సందు ఉంది. పునాది గోడ మీద ఇంటి కలప ఆనే అంచు, కేబుళ్లు, గొట్టాలు గోడను దాటే రంధ్రాలు, సరిగా మూసుకోని దిగుడు తలుపు, ఇవే పేరుమోసిన దొంగలు. చిన్న సందుల్లో సీలెంటు, పెద్దవాటిలో డబ్బాలో దొరికే ఫోమ్ నింపండి.

చలికాలానికి వెంటిలేటర్లు మూయవచ్చు. అయితే మట్టిలోంచి లేచే తేమ లోపలే నిలిచి కలప చివకకుండా, నేలంతా 0.15 మిల్లీమీటర్ల మందం పాలిథిన్ పరచండి. కిందే గ్యాస్‌తో మండే హీటరు ఉంటే మాత్రం, దానికి కావలసిన గాలి సంగతి నిపుణుడు చూశాకే వెంటిలేటర్లు ముట్టుకోండి.

మందంగా తొడుగు వేశాను, అయినా గడ్డకట్టింది

రాయికి శాలువా కప్పితే వేడెక్కుతుందా? ఫోమ్ తొడుగు వేడిని పుట్టించదు, ఉన్నదాన్ని ఆలస్యంగా పోనిస్తుంది, అంతే. మూడు రోజులు వరసగా చలి పట్టి, నీరు కదలకపోతే ఎంత మందం తొడుగైనా చివరికి ఓడుతుంది. ఒక చలికాలం నేను తొడుగు మీద తొడుగు వేసి, తీరా చూస్తే ఒక మలుపు దగ్గర బొటనవేలంత గొట్టం బయటికి కనిపిస్తూ ఉంది. గడ్డకట్టింది సరిగ్గా అక్కడే. మలుపుల దగ్గర ముక్కలను ఏటవాలుగా కోసి కలపాలి, అతుకులకు టేపు వేయాలి, వాల్వులనూ వదలకూడదు. తడిసిన తొడుగు వట్టిదే, మార్చేయండి.

ఇన్నేళ్లుగా లేని సమస్య, ఇంటికి మరమ్మతు చేయించాక మొదలైంది

ఇది మనుషులను ఎక్కువగా తికమకపెట్టే లక్షణం. పై గదులు వెచ్చగా ఉండాలని ఇంటి నేల అడుగున దూది పరుపుల్లాంటి ఇన్సులేషన్ బిగిస్తారు. గదులు వెచ్చబడతాయి. కానీ అన్నాళ్లూ నేలలోంచి కిందికి కారుతూ గొట్టాలను బతికించింది ఆ వృథా వేడే! గొట్టం ఇన్సులేషన్‌కు కింద ఉండిపోతే దాన్ని చలికి అప్పగించినట్టే. వేడిగాలి పంపే డక్టుల లీకులు మూసినా, కింద ఉన్న పాత హీటర్ తీసేసినా ఇదే ఫలితం.

దారులు రెండు. గొట్టాన్ని ఇన్సులేషన్‌కు పైన, ఇంటి నేలకు ఆనించి వెచ్చటి వైపు ఉంచడం ఒకటి. రెండోది, నాకు నచ్చేది, ఇన్సులేషన్‌ను నేల అడుగున కాక పునాది గోడలకు లోపలి వైపున వేయడం. అప్పుడు అడుగు ఖాళీ మొత్తం ఇంటి వేడిలో, మట్టి వేడిలో వాటాదారు అవుతుంది. గాలి సందులు, తేమ సంగతి ముందే తేల్చుకున్న తర్వాతే ఈ పని.

హీట్ కేబుల్ చుట్టాను, అయినా గడ్డకట్టింది

హీట్ కేబుల్ అంటే గొట్టానికి చుట్టే, కరెంటుతో వేడెక్కే తీగ. ముందు, సాకెట్‌కు కరెంటు వస్తోందా? షాక్ నుంచి కాపాడే బ్రేకరు తేమకు పడిపోయి వారాల తరబడి ఎవరూ చూడకపోవడం మామూలే. అది మళ్లీ మళ్లీ పడిపోతుంటే కేబుల్ దెబ్బతిన్నట్టు. బ్రేకరును తప్పించే ఉపాయం వెతకవద్దు, కేబుల్ మార్చండి. కరెంటు బాగానే ఉంటే, చలిని పసిగట్టి కేబుల్‌ను నడిపే థర్మోస్టాట్ బుడిపె ఎక్కడుందో చూడండి. అది వెచ్చటి మూలన ఉంటే కేబుల్ నిద్రపోతుంది; గొట్టం అన్నిటికంటే చల్లగా ఉండే చోటికి జరపాలి.

ఎప్పుడూ ఒకే వాటేజీతో వేడెక్కే కేబుల్‌ను ఒకదాని మీద ఒకటి పడేలా చుట్టకూడదు, కాలిపోతుంది. ప్లాస్టిక్ గొట్టానికి పనికొస్తుందని తయారీదారు రాసిన కేబుల్‌నే దానికి వాడాలి. పైన తొడుగు వేయవచ్చో లేదో కూడా కేబుల్‌తో వచ్చే కాగితంలోనే ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ వైరుతో ఎన్నడూ నడపవద్దు.

నీళ్లు వస్తున్నాయి, సింకు నుంచి పోవడం లేదు

మురుగు గొట్టం వాలు లేకుండా మధ్యలో కుంగి, అక్కడ నిలిచిన నీరు గడ్డకట్టి ఉంటుంది. కారుతున్న కుళాయి వల్ల పొర మీద పొర పేరుకునీ ఇలా అవుతుంది. కరిగించాక వాలు సరిచేయండి.

ఊరి నుంచి వచ్చేసరికి ఇల్లు నీటి మడుగు

చలికాలంలో ఇల్లు వదిలి వెళ్లేటప్పుడు ప్రధాన వాల్వు కట్టేసి, అన్నిటికంటే పైన ఉన్న కుళాయి, అన్నిటికంటే కింద ఉన్న కుళాయి విప్పి గొట్టాలు ఖాళీ చేయండి. వాటర్ హీటర్‌ను ముందుగా ఆర్పాలి. సింకుల కింది వంపుల్లో నిలిచే నీటికి గడ్డకట్టనివ్వని ద్రవం, అంటే ప్రొపిలీన్ గ్లైకాల్ ఉన్న యాంటీఫ్రీజ్, పోయండి, కార్లకు వాడే విషపూరితమైనది వద్దు.

ఇవేవీ కొనేముందు ఒక థర్మామీటరు కొనండి, బయటి బుడిపె తీగతోనో రేడియోతోనో ఇంట్లో అంకె చూపించేది. బుడిపెను గొట్టం అన్నిటికంటే చల్లగా ఉండే చోట కట్టి, అతి తక్కువ అంకెను రోజూ రాసుకోండి. పది రాత్రులు గడిస్తే బయట ఎంత పడితే కింద ఎంత పడుతుందో మీ ఇంటి లెక్క మీకు తెలుస్తుంది. కింది అంకె 3 డిగ్రీలకు దిగిన రాత్రి, గొట్టం చివర ఉన్న కుళాయిని వేణ్నీళ్ల వైపు ఒకసారి, చన్నీళ్ల వైపు ఒకసారి కాస్త విప్పి, రెండింటి నుంచీ సన్నటి ధార పడేలా ఉంచి పడుకోండి.