వృద్ధాశ్రమంలో చేర్చే ముందు: ఏం చూడాలి? ఎలా చూడాలి?

ఆశ్రమం చూడ్డానికి వెళ్తే నిర్వాహకులు ముందుగా హాలు, పూజగది, తోట చూపిస్తారు. వాటిని తర్వాత చూడొచ్చు, మీరు బాత్రూమ్ ఎక్కడుందో అడగండి. ఒక్కసారి చూసి నిర్ణయం తీసుకోవద్దు. మొదటిసారి చెప్పి వెళ్లండి. రెండోసారి చెప్పకుండా, రాత్రి భోజనాల వేళ వెళ్లండి. ఆ వేళ లోపలికి రానివ్వకపోతే ఆ ఆశ్రమం సంగతి అక్కడికి వదిలేయొచ్చు. వెళ్లేటప్పుడు కొలిచే టేపు ఒకటి జేబులో పెట్టుకోండి.

1. బాత్రూమ్

కమోడ్ పక్కన, స్నానం చేసే చోట పట్టుకునే రాడ్లు ఉండాలి. నేల నుంచి 70–85 సెంటీమీటర్ల ఎత్తు సరిపోతుంది. రాడ్డును రెండు చేతులతో పట్టుకుని మీ బరువంతా వేసి లాగండి. కదిలిందంటే అది తువ్వాలు ఆరేసుకోవడానికి పెట్టిందే. అలాంటిది పట్టుకుని లేవబోతే మనిషీ రాడ్డూ కలిసి కింద పడతారు. కమోడ్ సీటు 45–48 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. అంతకన్నా కిందికి ఉంటే మోకాళ్ల నొప్పులున్నవాళ్లు చేయూత లేకుండా లేవలేరు.

నేల మీద ఒక మగ్గు నీళ్లు పోసి కాలితో రాసి చూడండి. నున్నటి టైల్స్ పొడిగా ఉన్నప్పుడు ఏ ఇబ్బందీ పెట్టవు, సబ్బునీళ్లు పడితేనే జారతాయి. గుమ్మం దగ్గర రెండంగుళాల గడప ఉన్నా కాలు ఈడుస్తూ నడిచే పెద్దాయనకు అది తగులుతుంది. తలుపు బయటికి తెరుచుకోవాలి, గడియ బయటి నుంచి కూడా తీయగలిగేలా ఉండాలి. లోపలికి తెరుచుకునే తలుపు వెనక ఎవరైనా పడిపోతే వాళ్ల శరీరమే తలుపుకు అడ్డం పడుతుంది.

గీజర్ విషయం చాలామందికి తట్టదు. 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాల్చేస్తాయి. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లకు పాదాలు మొద్దుబారిపోయి ఉంటాయి, కాలినా తెలియదు. బకెట్‌లో ముందు చన్నీళ్లు, ఆ తర్వాతే వేణ్నీళ్లు పట్టాలి. స్నానం నీళ్లు 43 డిగ్రీలు దాటకూడదు. నీళ్లు ఎలా కలుపుతారని ఆయానే అడగండి. మేనేజర్ చెప్పే జవాబుతో పనిలేదు.

2. గది

మంచం మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి. దానికి పరుపుతో కలిపి 45–50 సెంటీమీటర్ల ఎత్తు చాలు. పడుకున్న చోటి నుంచే చెయ్యి చాపితే కాలింగ్ బెల్ అందాలి. ఒకసారి నొక్కి, ఎన్ని నిమిషాలకు మనిషి వస్తాడో గడియారం చూసుకోండి. మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా చిన్న దీపం వెలగాలి. వీల్‌చైర్ వెళ్లే తలుపులు 90 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. ర్యాంపు వాలు 1:12, అంటే 15 సెంటీమీటర్ల మెట్టుకు 180 సెంటీమీటర్ల పొడవు.

3. మందులు

ఒక్కొక్కరికీ విడిగా మందుల చార్ట్ ఉండాలి. మందు మింగించిన తర్వాతే అందులో సంతకం పెట్టాలి. సాయంత్రం నాలుగింటికి చార్ట్ తెరిచి చూడండి. రాత్రి గడిలో అప్పటికే సంతకాలు పడి ఉంటే మిగతా రిజిస్టర్లనూ నమ్మలేం. ‘ఎవరైనా మాత్ర ఉమ్మేస్తే ఏం రాస్తారు?’ అని కూడా అడగండి. ‘మా దగ్గర అలా జరగదండీ’ అన్నారంటే రాయడం లేదని అర్థం.

తెరవని ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌లో 2–8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రీజర్‌లో పెట్టకూడదు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. సీసా తెరిచిన తేదీ దాని మీదే రాసి ఉండాలి. చాలా రకాలను తెరిచాక 28 రోజులకు మించి వాడకూడదు. ఇక ఇన్సులిన్ ఇచ్చాక భోజనం ఎంతసేపటికి వస్తుందో కళ్లారా చూడండి. వంట ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తుంటే ‘వయసు మీద పడింది కదా’ అని వదిలేసే ప్రమాదం ఉంది. గ్లూకోజ్ పొడి నర్సు బల్ల మీదే ఉండాలి.

4. మంచం పట్టినవాళ్లు

మీవాళ్లు ఇప్పుడు నడుస్తున్నా సరే, ఈ గది తప్పకుండా చూడండి. కదల్లేనివాళ్లను సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, తిప్పిన వేళ రాయాలి. గాలిపరుపు వేశాం కదా అని తిప్పడం మానేస్తే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. మోటారు ఆఫ్ చేసి ఉన్న గాలిపరుపైతే మామూలు పరుపుకన్నా మెరుగేమీ కాదు. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలినా ఎరుపు తగ్గకపోతే పుండు మొదలైనట్టే. మూత్రం సంచి నేలకు తగలకూడదు, పొత్తికడుపు కన్నా కింద వేలాడాలి. తినిపించేటప్పుడు కూర్చోబెట్టాలి, తిన్నాక కనీసం అరగంట అలాగే ఉంచాలి. పడుకోబెట్టి పోస్తే జావ ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు.

ఆయాలు పిలిచే పిలుపు కూడా వినండి. ‘మామ్మగారూ’ అంటున్నారా, ‘ఏయ్ ముసలమ్మా’ అంటున్నారా? చేతులో కాళ్లో మంచానికి కట్టేసి కనిపిస్తే ఇక ఏ సంజాయిషీ వినక్కర్లేదు. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న మానసిక రోగులను ఉంచిన చోట మంటలు లేచి 28 మంది చనిపోయారు. గొలుసులతో కట్టేసి ఉండటంతో వాళ్లు తప్పించుకోలేకపోయారు.

5. రాత్రి, నిప్పు

రాత్రి ఎంతమంది ఉంటారని కాదు, ఎంతమంది మెలకువగా ఉంటారని అడగండి. దొంగల భయంతో గ్రిల్స్‌కు తాళాలు వేయడం మామూలే, ఆ తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది? కదల్లేనివాళ్లు కింది అంతస్తులోనే ఉండాలి. మంటలార్పే సిలిండర్ ముల్లు పచ్చరంగు మీద ఉందా, రీఫిల్ గడువు దాటిందా చూడండి. వాడటం ఎలాగో రాత్రి డ్యూటీ ఆయాను చూపించమనండి: పిన్ను లాగి, మంట మొదలుకు గురిపెట్టి, మీట నొక్కి, అటూ ఇటూ ఊపాలి. ఆక్సిజన్ వాడే గదిలో అగరుబత్తి కూడా వెలిగించకూడదు.

6. వంట, కాగితాలు

వంటగదిలో ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) ఇచ్చే 14 అంకెల నంబరు, నీళ్ల ట్యాంకు కడిగిన తేదీ చూస్తే చాలు. ఒప్పందంలో డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారో, అర్ధరాత్రి ఏ ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారో రాతలో ఉండాలి. పిల్లలు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటే, ఆసుపత్రిలో సంతకం పెట్టగల దగ్గరి బంధువు పేరు ముందే రాయించండి. ఇబ్బంది వస్తే వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా ఫోన్ చేయొచ్చు.

7. చేర్చిన తర్వాత

చేర్చిన రోజే బరువు తూచి రాసుకోండి, ప్రతి నెలా తూచమనండి. నెలలో 5 శాతం, అంటే 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గితే వెంటనే డాక్టరుకు చూపించాలి. పళ్లసెట్టు వదులైందా, అన్నం గట్టిగా ఉంటోందా, మింగడం కష్టమవుతోందా అన్నది కూడా కనుక్కోండి. వీడియో కాల్‌లో మొహం ఒక్కటే చూసి పెట్టేయకండి. ఫోన్ కిందికి తిప్పి మడమలు చూపించమనండి.