ఆర్వీ బ్లాక్ ట్యాంక్ ఖాళీ చేసే ముందు చూస్కోవాల్సినవి

అమెరికాలో ఆర్వీ (పడక, వంటగది, టాయిలెట్ అన్నీ లోపలే ఉండే బండి) అద్దెకి తీసుకుని నేషనల్ పార్కులు తిరిగే మనవాళ్ళు డ్రైవింగ్ కంటే బ్లాక్ ట్యాంక్, అంటే టాయిలెట్ మురుగు చేరే ట్యాంక్, ఖాళీ చేసే పనికే ఎక్కువ భయపడతారు, ముందే ఇవి చూస్కుంటే పెద్ద గొడవేం లేదు.

- వాడి పారేసే గ్లౌజులు, కాళ్ళకి బూట్లు. దగ్గర్లో సిగరెట్ అస్సలొద్దు, ట్యాంకులో మీథేన్ ఉంటుంది.

- ట్యాంక్ మూడింట రెండొంతులు నిండిందా? కొంచెమే ఉన్నప్పుడు వదిలితే నీళ్ళు పోయి గట్టిది అడుగునే పేరుకుపోతుంది. క్యాంప్‌సైట్‌లో సీవర్ (మురుగు కాలువ) కనెక్షన్ ఉంది కదా అని బ్లాక్ వాల్వ్ తెరిచే ఉంచేస్తారు కొందరు, అది ఇంకా ఘోరం.

- మంచినీళ్ళ తెల్ల పైపు ఈ పక్కకే తేవద్దు, ట్యాంక్ ఫ్లష్‌కి (కడగడానికి) వేరే పైపు, దానికి బ్యాక్‌ఫ్లో ప్రివెంటర్ (మురికినీళ్ళు వెనక్కి పోకుండా ఆపేది) పెట్టండి.

- మురుగు బయటికొచ్చే గొట్టం మూత తీసేముందు రెండు వాల్వులూ (బ్లాక్ ట్యాంక్‌ది, సింకు, స్నానం నీళ్ళు చేరే గ్రే ట్యాంక్‌ది) మూసున్నాయా చూడండి, సీవర్ పైపు రెండు చివర్లూ ఓసారి లాగి చూడండి.

- బండికి ఫ్లష్ ఇన్‌లెట్ (ట్యాంక్ లోపల కడగడానికి నీళ్ళ పైపు తగిలించే చోటు) ఉంటే నీళ్ళు పెట్టినంతసేపూ బ్లాక్ వాల్వ్ తెరిచే ఉండాలి, అది మూసేసి ఫోన్ చూస్కుంటూ కూర్చున్నారనుకోండి ట్యాంక్ నిండి టాయిలెట్‌లోంచి పైకి తన్నుతుంది, ట్యాంక్ పగిలినా పగలొచ్చు. అక్కడే నిలబడండి బాబూ.

- ముందు బ్లాక్, తర్వాతే గ్రే. సబ్బునీళ్ళకి పైపు కూడా కడుక్కుపోతుంది.

- బ్లీచ్ వద్దు, రబ్బరు సీళ్ళు పోతాయి, వేరే కెమికల్‌తో కలిస్తే విషవాయువు రావచ్చు. ట్యాంక్ కెమికల్ చేతికందేలా పెట్టుకోండి, పని అవగానే కాసిని నీళ్ళతో కలిపి పోసెయ్యాలి.