గేర్‌బాక్స్ కన్వర్షన్ కిట్ కొనే ముందు

బ్రిటిష్ ఎమ్‌జీబీ వంటి పాత స్పోర్ట్స్ కారుకు, దాని నాలుగు గేర్ల పెట్టె తీసి ఐదు గేర్ల పెట్టె (గేర్‌బాక్స్) అమర్చాలనుకునేవారు ధర కంటే ముందు తమ కారు ఏ కాలానిదో చూసుకోవాలి. 1964 చివరలో ఎమ్‌జీబీ ఇంజన్ మూడు మెయిన్ బేరింగుల (క్రాంక్‌షాఫ్ట్‌ను మోసే బేరింగుల) నుంచి ఐదింటికి మారింది, 1967 చివరలో గేర్‌బాక్సూ అది కూర్చునే టన్నెలూ (కారు నేల మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే భాగం) మారాయి. కాబట్టి ఒక కారుకు సరిపోయిన కన్వర్షన్ కిట్ (ఈ మార్పుకు కావలసిన భాగాల సెట్) అదే పేరున్న మరో కారుకు సరిపోతుందని అనుకోకూడదు.

కిట్‌లో బెల్‌హౌసింగ్ (ఇంజన్‌నూ గేర్‌బాక్స్‌నూ కలిపే తొడుగు), గేర్‌బాక్స్ మౌంటింగ్, క్లచ్ ప్లేటు, క్లచ్‌ను విడిపించే రిలీజ్ బేరింగు, తగిన పొడవున్న ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనుక చక్రాల వైపు శక్తిని చేర్చే కడ్డీ), స్పీడోమీటర్ కేబుల్ అన్నీ ఉన్నాయో లేదో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. చౌకగా కనిపించే కిట్లలో తరచుగా లోపించేవి చివరి రెండే. టన్నెల్‌ను కోయవలసి వస్తుందా అన్నది కూడా అడగండి, ఎందుకంటే ఒకసారి కోశాక కారును అసలు రూపానికి తేవడం సులభం కాదు.

ఇలాంటి కిట్లలో వాడే ఐదు గేర్ల ఫోర్డ్ టైప్ 9 గేర్‌బాక్స్ ఐదో గేరు నిష్పత్తి సుమారు 0.82, అంటే నాలుగో గేరులో నిమిషానికి 3,500 సార్లు తిరిగే ఇంజన్ అదే వేగానికి దాదాపు 2,900 సార్లు తిరుగుతుంది. అయితే కారులో ఇప్పటికే ఓవర్‌డ్రైవ్ (పాత గేర్‌బాక్స్‌కు జోడించి, అదే వేగానికి ఇంజన్ తక్కువ తిరిగేలా చేసే అదనపు గేరు) ఉంటే, దాని నిష్పత్తి కూడా ఇంచుమించు అంతే కనుక, హైవే ప్రయాణంలో కొత్తగా కలిసివచ్చేది పెద్దగా ఉండదు. అటువంటప్పుడు ఓవర్‌డ్రైవ్‌నే బాగుచేయించుకోవడం మేలని నా అభిప్రాయం.