హెచ్‌డీపీఈ పైపుకు బట్ వెల్డింగ్: అతుకు ఊడకుండా ఉండాలంటే

పీవీసీ పైపును మంట మీద తిప్పితే మెల్లగా మెత్తబడి వంగుతుంది. హెచ్‌డీపీఈ అనే గట్టి రకం పాలిథీన్ అలా లొంగదు. ఇందులో అణువుల గొలుసులు చాలావరకు మడతలు పడి స్ఫటికాలుగా సర్దుకుని ఉంటాయి. అవి కరిగేదాకా, అంటే దాదాపు 130 డిగ్రీల సెల్సియస్ దాకా, పైపు కాస్త మెత్తబడుతుందే గానీ అతకదు. మంటతో అతికిస్తే పైన మాడుతుంది, లోపల పచ్చిగానే మిగులుతుంది. అందుకే బట్ వెల్డింగ్: రెండు పైపుల అంచులను వేడి ప్లేటుకు ఆనించి కరిగించి, ఒకదానికొకటి నొక్కి అతికించడం.

110 మి.మీ. పైపు, గోడ మందం 10 మి.మీ. అనుకుందాం. క్లాంపుల్లో బిగించి, చెక్కుపొట్టు తెగకుండా రిబ్బన్‌లా వచ్చేదాకా రెండు అంచులూ చెక్కండి. అంచులు కలిపి చూస్తే ఎగుడుదిగుడు 1 మి.మీ. దాటకూడదు. చెక్కిన అంచును చేత్తో తాకొద్దు. గాలి వీస్తుంటే పైపుల అవతలి చివరలు మూసేయండి, లేకపోతే లోపలి గాలి అంచును చల్లార్చేస్తుంది.

హీటర్ ప్లేటు 200–220 డిగ్రీల మధ్య ఉండాలి. జనరేటర్ మీద నడిపితే మీటరును నమ్మకుండా ప్లేటునే కొలవండి. అంచులను ప్లేటుకు నొక్కే ఒత్తిడి చదరపు మి.మీ.కు 0.15 న్యూటన్, ఈ పైపు అంచుకు సుమారు 470 న్యూటన్లు, అంటే 48 కిలోల బరువంత. పైపును లాగడానికి పట్టే బలం దీనికి అదనం. చుట్టూ 1.5 మి.మీ. బీడ్ (కరిగి ఉబ్బిన గట్టు) లేవగానే ఒత్తిడి దాదాపు సున్నాకు దించి, 100 సెకన్లు ఊరికే తాకించి ఉంచండి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. నొక్కుతూనే ఉంటే కరిగిన పదార్థమంతా బయటికి పోయి, అతకడానికి ఏమీ మిగలదు.

ప్లేటు తీసి అంచులు కలపడం 8 సెకన్లలో అయిపోవాలి. ఢీకొట్టకుండా, మరో 8 సెకన్లలోపు మళ్లీ అదే ఒత్తిడికి తేవాలి.

ఇక 13–14 నిమిషాలు ఒత్తిడి వదలొద్దు. కరిగిన హెచ్‌డీపీఈ పూర్తిగా చల్లారేసరికి పరిమాణం ఐదో వంతు దాకా తగ్గుతుంది, స్ఫటికాలు మళ్లీ కట్టడం అందులో పెద్ద భాగం. నొక్కి ఉంచకపోతే ఆ మేరకు లోపల బోలు పడుతుంది. నీళ్లు పోసి తొందరపెడితే పైపొర ముందే బిగుసుకుని, లోపలిది లాగుతూ ఉండిపోతుంది.

చల్లారాక బయటి బీడ్‌ను చెక్కి తీసి వెనక్కి వంచి చూడండి. మధ్యలో చీలిక తెరుచుకుంటే అంచుకు దుమ్మో జిడ్డో అంటినట్టు. ఆ అతుకు కోసేసి మళ్లీ వేయాల్సిందే.